పబ్బుల సందడికి ఒక్క స్టేషన్ అవతల: హలసూరులో నా ఐదు వారాలు

ఇందిరానగర్‌లో మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గది శుభ్రంగా ఉంది, ఏసీ చక్కగా పనిచేస్తోంది, పరుపు మెత్తగా ఉంది. కానీ వెనక వీధిలోని పబ్బు నుంచి బేస్ చప్పుడు గోడలోంచి ఒకటే దరువు. పాట వినపడదు, దాని దెబ్బ మాత్రం తలగడ దాకా వస్తుంది. బెంగళూరులో పబ్బులు రాత్రి ఒంటిగంట దాకా తెరిచి ఉంటాయి. ఆ తర్వాతైనా పడుకుందామంటే, క్యాబుల కోసం రోడ్డు మీద నిలబడ్డవాళ్ల కబుర్లు, బైకుల రొద ఇంకో ముప్పావుగంట. పొద్దున తొమ్మిదింటికి మీటింగ్ ఉందన్న టెన్షన్‌తో గడియారం చూస్తూ పడుకున్నాను.

మాది హనుమకొండ, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఎం.జి.రోడ్డు దగ్గర ఉన్న మా ఆఫీసులో ఆరు వారాల పని పడి బెంగళూరు వెళ్లాను. ఎక్కడ దిగాలని అడిగితే టీంలో అందరూ ఇందిరానగర్ అనే చెప్పారు. మొదటి వారానికి ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్ బుక్ చేశారు. చప్పుడు గురించి రిసెప్షన్‌లో చెబితే గది మారుస్తామన్నారు, మూడు రోజులైనా మార్చలేదు. నాలుగో రోజు మారిస్తే అది లిఫ్టు పక్క గది.

ఇందిరానగర్‌ను తీసిపారేయడానికి ఇదంతా చెప్పడం లేదు. 1970ల చివర్లో ఇళ్ల కోసం వేసిన లేఅవుట్ అది. పెద్ద చెట్లు, తిన్నని వీధులు, అక్కడక్కడా ఇంకా మిగిలిన పాత బంగళాలు. లోపలి క్రాస్ రోడ్లలో సాయంత్రం నడుస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో. నూరడుగుల రోడ్డు, పన్నెండో మెయిన్ చుట్టుపక్కల తినడానికి, తాగడానికి, పాటలు వినడానికి ఉన్నన్ని చోట్లు మన హైదరాబాద్‌లో ఒకే దగ్గర నాకు ఎప్పుడూ కనపడలేదు. శనివారం రాత్రి నేనూ వెళ్లాను, బాగా గడిపాను. కానీ ఆ సందడికి వెళ్లి రావడం వేరు, దాని పక్కనే పడుకోవడం వేరు.

ఆదివారం పొద్దున సి.ఎం.హెచ్. రోడ్డు పట్టుకుని పడమటివైపు నడిచాను. మెట్రో పట్టాలు తల మీద ఉంటాయి కాబట్టి దారి తప్పే పని లేదు. అరగంటలో హలసూరు. ఇంగ్లీషువాళ్ల నోట్లో అది అల్సూర్ అయింది. కన్నడంలో హలసు అంటే పనస. పెద్ద రోడ్డు వదిలి ఒక్క మలుపు తిరిగితే ఊరు మారిపోయినట్టు ఉంటుంది. బెత్తెడు సందులు, మంగళూరు పెంకుల ఇళ్లు, వాటి మధ్య ఇరుక్కుని లేచిన నాలుగంతస్తుల డాబాలు, ప్రతి గడప ముందూ ముగ్గు. ఒక ఇంటి అరుగు మీద ఇద్దరు ముసలివాళ్లు పేపరు పంచుకుని చదువుతున్నారు. అరుగును అక్కడ జగలి అంటారు.

ఒక గేటుకు కట్టిన టు-లెట్ అట్ట చూసి ఆగాను. ఇంటావిడ బయటికొచ్చి కన్నడంలో ఏదో అడిగింది. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టి తడబడేసరికి, "తెలుగామెవా? ముందే చెప్పకూడదా అమ్మా" అంది. వాళ్ల తాతగారు చిత్తూరు వైపు నుంచి వచ్చారట. ఆమె తెలుగులో సగం కన్నడం, కొంత అరవం కలిసి ఉంటాయి, కానీ పలుకులో ఎంత తీపో! ఒక్కదానివేనా, ఎన్ని దినాలు ఉంటావు, మాంసం వండుతావా, ఇవే ప్రశ్నలు. రాత్రి ఆలస్యమైతే ఎలా ఆంటీ అని నేనే అడిగాను. "ఎంత పొద్దుపోయినా రా. ఫోన్ చేసి రా. ఊరికే గేటు తీస్తే కుక్క అరుస్తాది, వీధంతా లేస్తాది."

పై అంతస్తులో ఒక గది, చిన్న వంటిల్లు, ఎర్ర ఆక్సైడ్ నేల, వీధివైపు కిటికీ. నెలకు ఇరవై రెండు వేలు, నెల అద్దె అడ్వాన్స్. అపార్ట్‌మెంట్‌లో వారానికే అంతకన్నా ఎక్కువ అవుతోంది. బెంగళూరులో ఏడాదికి ఇల్లు తీసుకునేవాళ్లను అయిదు నుంచి పది నెలల అద్దె అడ్వాన్స్ అడగడం మామూలే. నాలా కొద్ది వారాలకు వచ్చేవాళ్లకు ఇలాంటి ఇళ్లు యాప్‌లలో దొరకవు. కాళ్లకు పనిచెప్పి అట్టలు చూసుకుంటూ తిరగాల్సిందే. చేతిరాత రసీదు ఒకటి అడిగి తీసుకున్నాను, మీరూ తీసుకోండి.

హలసూరు బెంగళూరులోని చాలా పేటలకంటే పాతది. ఇక్కడి సోమేశ్వర ఆలయం మూలాలు చోళుల కాలానివి, తర్వాత విజయనగర కాలం చివర్లో బెంగళూరును ఏలిన కెంపేగౌడ వంశంవాళ్లు పెంచి కట్టారు. 1809 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్లు కంటోన్మెంట్ పెట్టింది కూడా ఈ ఊరి పక్కనే. దండుతో పాటు అంగళ్లవాళ్లు, కూలీలు, వంటవాళ్లు, గుమాస్తాలు తమిళ, తెలుగు సీమల నుంచి వచ్చి ఇక్కడ కుదురుకున్నారు. 1834లో మద్రాస్ సాపర్స్ అనే సైన్యపు ఇంజనీరింగ్ దళం బెంగళూరుకు మారింది. హలసూరు చెరువు దగ్గర వాళ్ల కేంద్రం ఇప్పటికీ ఉంది. అందుకే కిరాణా కొట్లో పక్కపక్కనే మూడు భాషలు వినపడతాయి. నేను తెలుగులో కొత్తిమీర అడిగితే ఎవరూ వింతగా చూడలేదు.

గుడి దగ్గర కార్ స్ట్రీట్ అని బోర్డు చూసి, కార్ల షాపులు ఉండే వీధేమో అనుకున్నాను. కాదు, అది తేరు వీధి. ఇంగ్లీషులో రథాన్ని కూడా కార్ అంటారు కదా, ఆ పేరు అలాగే ఉండిపోయింది.

గుడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ పేటంతా దాని చుట్టూనే అల్లుకుని ఉంది. గోపురం ముందు ఎత్తైన రాతి స్తంభం. లోపలికి వెళితే 48 స్తంభాల మండపం. పొద్దున ఏడింటికి తూర్పు ఎండ ఏటవాలుగా ఆ స్తంభాల మధ్యకు పడుతుంది. కైలాసాన్ని ఎత్తుతున్న రావణుడి శిల్పం ఉంది. బొమ్మ చిన్నదే, కానీ ఆ భుజాల్లో బరువు తెలుస్తుంది. రాయి కొన్నిచోట్ల చేతులు తగిలి తగిలి నునుపెక్కింది. మండపంలో కాలేజీ పిల్ల ఒకతె స్తంభానికి ఆనుకుని నోట్స్ చదువుకుంటూ రోజూ కనిపించేది. గేటు బయట పూలావిడ మొళల లెక్కన మల్లెపూలు అమ్ముతుంది. మొళ అంటే మన మూరే. మోచేతి నుంచి వేలి కొస దాకా దండను లాగి, తెంపే ముందు ఇంకో నాలుగు పూలు కలిపి తెంపుతుంది. వారం తిరిగేసరికి నేను నోరు విప్పకముందే ఒక మొళ కొలిచి పెట్టేది.

టిఫిన్‌కు దర్శినులనే చిన్న హోటళ్లు ఉన్నాయి. కూర్చునే పని లేదు, నిలబడి తినేయడమే. చౌచౌబాత్ అడిగితే ఒకే ప్లేటులో ఒక పక్క ఖారాబాత్, ఒక పక్క కేసరీబాత్ పెడతారు. మన ఉప్మా, కేసరి అనుకోండి, కానీ వాటిలో నెయ్యి, మసాలా తీరు వేరు. ఇద్దరు వెళితే బై టూ కాఫీ అడగొచ్చు, ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసిస్తారు. ఒక్కటే లోటు, మన తరహా కారం చట్నీ దొరకదు. సాంబారు తియ్యన. రెండో వారం నుంచి ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా తీశాను. ఆదివారం మధ్యాహ్నం చెరువు పక్క గురుద్వారాలో లంగర్, అంటే అందరికీ ఉచితంగా పెట్టే భోజనం, తిన్నాను. నేల మీద వరుసలో కూర్చోబెట్టి, చాలనేదాకా వడ్డించారు.

చెరువు సుమారు 123 ఎకరాలు, మధ్యలో దీవులు. గట్టు మీద నడక బాగుంటుంది కానీ అన్నివైపులా గట్టు తెరిచి ఉండదు, చుట్టూ తిరిగి రావాలంటే కొంత దూరం ట్రాఫిక్ పక్కనే నడవాలి. 2016లో ఈ చెరువులో వేల చేపలు చచ్చి తేలాయి, నగరంలోని మురుగు వచ్చి కలవడమే దీని జబ్బు. నేనున్నప్పుడు చేపలకేం కాలేదు గానీ, గాలి ఇటు తిరిగిన సాయంత్రాలు వాసన వచ్చేది. ఇంత అందమైన నీటిని ఇలా చూడటం కష్టంగా అనిపించింది.

ఇక రాత్రుల సంగతి. ఈ పేట విలువ నాకు అక్కడే తెలిసింది. హలసూరు స్టేషన్‌లో ఎక్కితే తూర్పుకు ఒక్క స్టేషన్ ఇందిరానగర్, పడమటికి ట్రినిటీ దాటితే ఎం.జి.రోడ్డు. 2011 అక్టోబర్ 20న బెంగళూరులో మొదటి మెట్రో రైలు నడిచింది ఈ దారిలోనే, బయ్యప్పనహళ్లి నుంచి ఎం.జి.రోడ్డు దాకా. ఎం.జి.రోడ్డులో దిగి అయిదు నిమిషాలు నడిస్తే చర్చ్ స్ట్రీట్. 2018లో ఆ వీధిని రాళ్లు పరిచి కొత్తగా తీర్చారు. సాయంత్రం ఆఫీసయ్యాక బ్లాసమ్‌లో పాత పుస్తకాలు వెతుక్కోవడం, తలపాగా వెయిటర్లు ఉండే ఇండియన్ కాఫీ హౌస్‌లో కట్లెట్, ఆ తర్వాత స్నేహితులుంటే ఏదైనా పబ్బులో గంటన్నర సంగీతం. శుక్రవారం ఇది, శనివారం ఇందిరానగర్. ఎక్కడున్నా పదింపావుకు లేచి మెట్రో పట్టుకునేదాన్ని. చివరి రైళ్లు పదకొండు ప్రాంతంలో వెళ్లిపోతాయి, ముందే స్టేషన్ బోర్డు చూసుకోవాలి.

స్టేషన్ నుంచి ఇంటికి తొమ్మిది నిమిషాలు. ఆడపిల్లను, ఒక్కదాన్ని, రాత్రి పదిన్నరకు ఎలా నడిచానని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. బజారు వీధి మీదుగా నడిచాను, అదే కారణం. ఆ వేళకు కొట్లు చాలావరకు మూసేసినా మందుల షాపు, అరటిపళ్ల బండి తెరిచి ఉండేవి. మెట్ల మీద ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. దగ్గరి దారి ఒకటి ఉంది, గోడల మధ్యనుంచి, దీపం లేకుండా. ఒక్కసారి వెళ్లి మళ్లీ వెళ్లలేదు. రైలు తప్పిపోయిన రెండు రాత్రులు యాప్‌లో ఆటో పిలిచాను. ఒకతను ఎక్కాక యాభై ఎక్కువ అడిగాడు, ఇవ్వనని దిగిపోయి ఇంకోటి పట్టుకున్నాను.

వీధిలోకి తిరగ్గానే చప్పుడు ఆగిపోతుంది. పదకొండుకల్లా అంతా నిద్రే. ఆంటీ మాత్రం కిటికీలోంచి, "వస్తివా? అన్నం తింటివా?" అనేది. తినలేదంటే చారన్నం గిన్నె మెట్ల మీద పెట్టేది.

ఇబ్బందులు లేవని చెప్పను. కావేరి నీళ్లు దినం మార్చి దినం వస్తాయి, తెల్లవారుజామున అయిదింటికి మోటారు మోత. మా ఇంట్లోదే కాదు, నాలుగిళ్లవీ ఒకేసారి. పండగ రోజుల్లో గుడి మైకు అంతకన్నా ముందే మొదలవుతుంది. దోమలు బాగా ఉన్నాయి, దోమతెర కొనక తప్పలేదు. కారున్నవాళ్లు ఈ సందుల వైపు రావద్దు, పెట్టుకునే చోటు లేదు. మా ఆఫీసులో ఒకతను వచ్చి బండి ఆపడానికే ఇరవై నిమిషాలు తిరిగాడు. ఫుట్‌పాత్‌ల మీద రాళ్లు లేచి ఉంటాయి, వాన పడ్డాక చూసి అడుగు వేయాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వస్తే ఇందిరానగర్ లోపలి వీధులే నయం, కాకపోతే పన్నెండో మెయిన్‌కు కనీసం నాలుగైదు క్రాస్‌ల దూరంలో గది చూసుకోండి. గది తీసుకునే ముందు శుక్రవారం రాత్రి పదకొండింటికి ఒకసారి ఆ వీధిలో నిలబడి వినండి. పగలు చూస్తే ఏ వీధైనా ప్రశాంతంగానే ఉంటుంది.

మల్లేశ్వరం కూడా ఒక రోజు వెళ్లి చూశాను. పాత ఇళ్లు, మార్కెట్టు, టిఫిన్లు, అన్నీ హలసూరుకంటే ఒక మెట్టు పైనే. కానీ ఎం.జి.రోడ్డు నుంచి రాత్రి తిరిగి రావడానికి మెజెస్టిక్‌లో రైలు మారాలి. కుటుంబంతో ఏళ్ల తరబడి ఉండేవాళ్లకు నేను మల్లేశ్వరమే చెబుతాను. నెలా రెండు నెలలకు వచ్చి, పగలు పని, సాయంత్రం ఊరు, రాత్రి నిద్ర మూడూ కావాలనుకునేవాళ్లకు మాత్రం హలసూరే.

ఖాళీ చేసిన రోజు ఆంటీ అడ్వాన్స్ మొత్తం లెక్కపెట్టి చేతిలో పెట్టింది, పైసా పట్టుకోలేదు. వేసవిలో సోమేశ్వరుడి తేరు లాగుతారని, ఆ రాత్రి చుట్టుపక్కల గుళ్ల నుంచి పూల పల్లకీలు వస్తాయని, తెల్లారేదాకా వీధిలో ఎవరూ పడుకోరని చెప్పింది. ఆ నాలుగు రోజులకు పై గది నాకే ఉంచమని అడిగి వచ్చాను.