ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మగవాళ్ల ప్యాడ్లు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ప్రోస్టేట్ తీసేశాక కొన్నాళ్లు మూత్రం లీకవుతుందని డాక్టర్ ముందే చెబుతారు. చెప్పినప్పుడు వినడం వేరు, కుర్చీలోంచి లేవగానే బట్టలు తడవడం వేరు. మూత్రాన్ని ఆపడానికి ఒంట్లో రెండు చోట్ల బిగింపు ఉంటుంది. ఆపరేషన్‌లో మూత్రసంచి మెడ దగ్గరి బిగింపు పోతే, భారమంతా దాని కిందనున్న కండరం మీదే పడుతుంది. అందుకే దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా కారిపోతుంది. పొద్దున పర్వాలేదనిపించినా, సాయంత్రానికి కండరం అలసిపోయి ఎక్కువవుతుంది. పడుకున్నప్పుడు మాత్రం చాలామందికి తక్కువే. ఈ సంగతి అర్థమయ్యాకే ఏ పూటకి ఏ ప్యాడ్ పెట్టుకోవాలో నాకు తెలిసింది.

క్యాథెటర్ (ఆపరేషన్ తర్వాత మూత్రం బయటికి రావడానికి పెట్టే గొట్టం) తీసిన కొత్తలో ప్యాంటులా తొడుక్కునే డైపర్లు వాడాను. అప్పటికి అవే సరైనవి. ఎటు కారినా పట్టుకుంటాయి. కానీ లీకు తగ్గాక కూడా వాటినే పట్టుకుని ఉండక్కర్లేదు. నడుస్తుంటే చప్పుడు, ఒళ్లంతా ఉక్క, ప్యాంటు కింద ఎత్తుగా కనిపిస్తోందేమోనన్న దిగులు. తర్వాత ముందువైపు మాత్రమే దోనెలా ఉండే మగవాళ్ల ప్యాడ్లకు మారాను. పీల్చే పదార్థమంతా కావలసిన చోటే ఉంటుంది, తడిని జెల్‌గా మార్చేస్తుంది, వాసన తక్కువ. వెనక అంటుకునే పట్టీ ఉంటుంది. వదులు డ్రాయర్‌లో ఇవి నిలవవు. ఒంటికి పట్టి ఉండే బ్రీఫ్ వేసుకోవాలి, అంగం కిందికి ఉండేలా సర్దుకోవాలి. ఈ రెండూ కుదిరితే పక్కల నుంచి కారడం దాదాపు ఉండదు.

ప్యాకెట్ మీద వేసే మిల్లీలీటర్ల లెక్కను పట్టించుకోవద్దని నా సలహా. అది ప్యాడ్‌ని నీళ్లలో ముంచి కొలిచే లెక్క. ఒంటి మీద ఉన్నప్పుడు అంత పట్టదు. ఎంత పీలుస్తుందో చూపే చుక్కల గుర్తులు కూడా ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. దానికంటే మంచి కొలత ఇంట్లోనే చూసుకోవచ్చు. పొడి ప్యాడ్‌ని చిన్న త్రాసు మీద తూచి, తీసేశాక కవర్లో పెట్టి మళ్లీ తూచాలి (కవర్ బరువు తీసేయాలి). పెరిగిన ఒక్కో గ్రాము ఇంచుమించు ఒక మిల్లీలీటరు. అలా తూచడం మొదలుపెట్టాక భయం స్థానంలో ఒక అంకె వచ్చింది. ఆ అంకె వారానికోసారి కొద్దికొద్దిగా తగ్గుతుంటే కలిగిన ధైర్యం ఏ ఓదార్పు మాటతోనూ రాలేదు. డాక్టర్‌కి చూపించినా ఆయనకి వెంటనే అర్థమవుతుంది.

ప్యాడ్ తడిని పట్టుకుంటుందే గానీ లీకుని ఆపదు. ఆపాల్సింది వ్యాయామం. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టర్ 1948లో ప్రసవమైన ఆడవాళ్ల కోసం రాసిన ఈ వ్యాయామమే మగవాళ్లకూ చెబుతారు. గ్యాస్ బయటకి రాకుండా బిగబట్టినట్టు లోపలి కండరాన్ని పైకి లాగాలి. పొట్ట, పిరుదులు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని రోజూ వ్యాయామంలా చేయకూడదు. ఫలితం నెలల మీద వస్తుంది. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది కుర్చీలోంచి లేవబోయే ముందు, దగ్గు వచ్చే ముందు ఒక్క క్షణం బిగించడం.

లీకవుతుందని నీళ్లు తాగడం మానేయకండి. మూత్రం చిక్కబడితే సంచికి మంట పుట్టి ఇంకా తొందరపెడుతుంది. కాఫీ, టీ తగ్గిస్తే కొంత తేడా తెలుస్తుంది. మలబద్ధకం ఉంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి. తడిసిన ప్యాడ్‌ని వెంటనే మార్చాలి, నీళ్లతో కడిగి మెత్తగా అద్దాలి. క్రీమ్ రాస్తే పల్చగానే. మందంగా పూస్తే అది ప్యాడ్‌కి అంటుకుని తడి పీల్చనివ్వదు.

ఇక బయటికెళ్తే వచ్చే అసలు చిక్కు. మగవాళ్ల టాయిలెట్లలో ప్యాడ్ పడేయడానికి చాలాచోట్ల బుట్టే ఉండదు. వాడినదాన్ని కవర్లో చుట్టి బ్యాగులో వేసుకుని తిరగాల్సి వస్తుంది. ఆడవాళ్ల వైపు ఉన్న ఏర్పాటు ఇటు ఎందుకు లేదో నిజంగా బాధేస్తుంది. ఈ ఒక్క కారణంతోనే బయటికి రావడం మానేసే మగవాళ్లు ఉంటారు. ముదురు రంగు ప్యాంటు, ఒక అదనపు ప్యాడ్, మూసుకునే కవర్ ఉంటే నేను ధైర్యంగా వెళ్తాను.

మనసు సంగతి కూడా చెప్పాలి. మొదట్లో ఇంట్లోవాళ్లకి తెలియకుండా ప్యాడ్లు దాచడానికే సగం టెన్షన్. నా భార్యకి చెప్పిన రోజున ఆ బరువు దిగింది. ఇప్పుడు కొనే సరుకుల చీటీలో అవీ ఒకటి.

నా తీర్పు: మొదటి వారాలకి ప్యాంటు రకం, తర్వాత పగటికి పల్చటి ప్యాడ్, సాయంత్రానికి కాస్త మందంది. నేనిప్పుడు రాత్రి ఏమీ పెట్టుకోను. ఏడాది దాటినా లీకు బాగా ఉంటే ప్యాడ్లతో సరిపెట్టుకుని కూర్చోవద్దు. మూత్రనాళానికి ఆసరాగా పెట్టే స్లింగ్, కృత్రిమ స్ఫింక్టర్ (మూత్రనాళాన్ని బిగించి ఉంచే పరికరం) లాంటి ఆపరేషన్లు ఉన్నాయి, యూరాలజిస్ట్‌ని అడగండి. మూత్రంలో రక్తం, జ్వరం, అసలు మూత్రమే రాకపోవడం కనిపిస్తే మాత్రం ఆ రోజే వెళ్లండి.