రైస్ డీడీజీఎస్: చేపల మేతలో ఎంతవరకు పనికొస్తుంది?

కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో శీలావతి, బొచ్చెలకు నూనె తీసిన తవుడే ప్రధాన మేత. అందులో ప్రొటీన్ సుమారు 15 శాతం. వేరుశనగ చెక్క ధర పెరిగినప్పుడల్లా అందరి చూపూ బియ్యం నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీల్లో మిగిలే ఎండు పిప్పి, అంటే డీడీజీఎస్ మీదికి మళ్లుతుంది. సరుకు మంచిదైతే ప్రొటీన్ 40 శాతం దాటుతుంది. ధరకు తగ్గ సరుకే, కానీ చెక్కను పూర్తిగా మానేయడానికి ఇది చాలదు. చేప ఎదగడానికి కావలసిన లైసిన్ అనే అమైనో ఆమ్లం ఇందులో తక్కువ.

100 కిలోల మేతకు తవుడు 75, డీడీజీఎస్ 15, వేరుశనగ చెక్క 9, ఉప్పు, ఖనిజ మిశ్రమం కలిపి 1 కిలో సరిపోతుంది.

కొనేటప్పుడు రంగు చూడండి. లేత బంగారు రంగు మేలు. ముదురు గోధుమ రంగుండి మాడు వాసన వస్తే డ్రయ్యర్‌లో ఎక్కువ కాగినట్టే, ఉన్న కొద్ది లైసిన్ కూడా చేపకు అందదు. గుప్పిట్లో నొక్కితే ముద్ద కడితే తేమ ఎక్కువ, వానాకాలంలో బూజు, దాంతో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం. ల్యాబ్ రిపోర్టులో ప్రొటీన్ అంకె ఒక్కటే చూసి మురిసిపోవద్దు. ఆ పరీక్ష కొలిచేది నత్రజనిని. యూరియా కలిపినా అంకె పెరుగుతుంది. యూరియా పరీక్ష విడిగా అడగాలి.

పొడి మరీ మెత్తగా ఉంటే మేత నింపి చెరువులో కట్టే చిల్లుల సంచిలోంచి నీళ్లలోకి జారిపోతుంది. కాస్త తడిపి కలిపి నింపండి, చిల్లులు చిన్నవి పెట్టండి. రెండు మూడు గంటల తర్వాత సంచి ఎత్తి చూడండి: మేత మిగిలితే మర్నాడు తగ్గించాలి. మబ్బు పట్టిన రోజు సంచి కట్టకపోయినా నష్టం లేదు.