ఒక్క తలుపుకు ఒక్క రాత్రి సెలవు: మా షాపు అలారంలో బైపాస్, ఆరేళ్ల అనుభవం

విజయవాడ వన్‌టౌన్‌లో మాది మూడంతస్తుల బట్టల షాపు. నేను అక్కడ ఫ్లోర్ మేనేజర్‌ని. రాత్రి షాపు కట్టేశాక దొంగల అలారం పెట్టడం, పొద్దున తీయడం ఆరేళ్లుగా నా పనే. ఇన్నేళ్లలో ఆ అలారం ప్యానెల్‌లో, అంటే తలుపుల వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టెలో, నాకు బాగా పనికొచ్చిందీ, నన్ను బాగా భయపెట్టిందీ ఒక్కటే, బైపాస్. అలారం కొనేటప్పుడు సైరన్ ఎంత దూరం వినిపిస్తుంది, ఫోన్‌కి మెసేజ్ వస్తుందా అని అడుగుతాం. దీని గురించి మేమైతే అడగలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, వైర్లతో నడిచే ప్యానెళ్లలో చాలావాటి పద్ధతి ఇంచుమించు ఇదే.

ముందు సంగతి ఏమిటో చెప్తాను. ప్రతి తలుపూ ప్యానెల్‌కి ఒక జోన్, అంటే నంబరు పెట్టి విడిగా కనిపెట్టే ఒక చోటు. తలుపు రెక్కకు చిన్న అయస్కాంతం ఉంటుంది. దానికి ఎదురుగా గుమ్మానికి బిగించిన ప్లాస్టిక్ డబ్బీలో ఒక గాజు గొట్టం, అందులో రెండు సన్నటి లోహపు రేకులు. తలుపు మూసి ఉన్నంతసేపు అయస్కాంతం ఆ రేకుల్ని కలిపి ఉంచుతుంది. తెరిస్తే అవి విడిపోతాయి, సర్క్యూట్ తెగుతుంది, అలారం పెట్టి ఉంటే సైరన్ మోగుతుంది. బైపాస్ చేయడమంటే 'ఈ రాత్రికి ఫలానా జోన్‌ని పట్టించుకోకు' అని ప్యానెల్‌కి చెప్పడం. మిగతా తలుపులు, కదలికను పట్టే సెన్సర్లు ఎప్పటిలాగే కాపలా కాస్తాయి. పొద్దున అలారం తీయగానే ఆ బైపాస్ కూడా దానంతట అదే పోతుంది.

మాకు ఇది ఎందుకు అవసరమైందంటే, పగలు వన్‌టౌన్ సందుల్లోకి లారీ తీసుకురావడం నరకం. శ్రావణమాసం ముందు, దసరా, సంక్రాంతి సీజన్లలో సూరత్ నుంచి వచ్చే బేళ్లన్నీ అర్ధరాత్రి దాటాకే దిగుతాయి. మొదట్లో సరుకు దిగేదాకా అలారం మొత్తం తీసేసి కూర్చునేవాళ్లం. అంటే వెనక షట్టర్ ఒక్కటి తెరవడం కోసం ముందు గాజు తలుపులు, పక్క మెట్లు, డాబా, క్యాష్ కౌంటర్ అన్నీ వాచ్‌మన్ బాబాయ్ ఒక్కడి మీద వదిలేసేవాళ్లం. బైపాస్ నేర్చుకున్నాక ఆ టెన్షన్ పోయింది. వెనక షట్టర్ జోన్ ఒక్కటే పక్కన పెట్టి, మిగతా షాపంతా కాపలాలో ఉంచి సరుకు దింపుకుంటున్నాం. ఈ ఒక్క పనికే నేను దీనికి ఎక్కువ మార్కులు వేస్తాను.

కానీ మొదటిసారే దెబ్బతిన్నాం. షట్టర్‌ని బైపాస్ చేశాను, లోపల గోడౌన్‌లో ఉన్న మోషన్ సెన్సర్ సంగతి ఆలోచించలేదు. సరుకు దింపే ముఠా కూలీల్లో మొదటి మనిషి బేలు భుజాన పెట్టుకుని రెండడుగులు లోపలికి వేశాడో లేదో, సైరన్ అందుకుంది. ఆయన బేలు అక్కడే పడేసి బయటికి పరిగెత్తాడు. రాత్రి ఒంటిగంటన్నరకి వీధిలో లైట్లు వెలిగాయి. తలుపు ఒక్కటే చాలదు, ఆ తలుపులోంచి వచ్చిన మనిషి ఎక్కడెక్కడ నడుస్తాడో ఆ దారిలో ఉన్న సెన్సర్లనీ లెక్కలోకి తీసుకోవాలి. ఇప్పుడు మేము షట్టర్, గోడౌన్ సెన్సర్ రెండూ కలిపి బైపాస్ చేస్తాం. గోడౌన్ నుంచి షాపులోకి వచ్చే తలుపును మాత్రం కాపలాలోనే ఉంచుతాం, దానికి తాళం వేసి తాళంచెవి నా జేబులోనే పెట్టుకుంటాను.

ఇక భయపెట్టిన సంగతి. రెండో ఏడాది వానల్లో డాబా మీది చెక్క తలుపు ఉబ్బిపోయింది. ఎంత నెట్టినా పూర్తిగా పడేది కాదు, అయస్కాంతానికీ డబ్బీకీ మధ్య వేలు పట్టేంత ఖాళీ. రాత్రి అలారం పెట్టబోతే కీప్యాడ్ ఒప్పుకునేది కాదు, జోన్ తెరిచి ఉందని చూపించేది. పదకొండు దాటింది, అందరూ ఇళ్లకు వెళ్లాలి. సరే ఈ రాత్రికి బైపాస్ అన్నాను. మర్నాడు అదే, ఆ తర్వాతా అదే. నేను ఊళ్లో లేని నాలుగు రోజులు కుర్రాళ్లు కూడా నన్ను చూసి నేర్చుకున్న పనే చేశారు. నెలాఖరులో ప్యానెల్ లాగ్, అంటే ఏ రాత్రి ఏం చేశామో అది దాచుకునే చిట్టా, కాగితం మీద తీసి చూస్తే వరసగా ఇరవైరెండు రాత్రులు డాబా తలుపుకు కాపలా లేదు. పక్క బిల్డింగ్ డాబా మీంచి మా డాబా మీదికి ఒక్క అంగలో దాటొచ్చు. ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మర్నాడే వడ్రంగిని పిలిపించాను. తలుపు అంచు చిత్రిక పట్టి, బందులు సరిచేసి, అయస్కాంతాన్ని కొంచెం కిందికి జరిపాడు. పని మొత్తం గంటన్నర. గంటన్నర పని కోసం మూడు వారాలు తలుపు వదిలేశాం. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం, ఒకే జోన్ వరసగా రెండో రాత్రి బైపాస్ చేయాల్సి వస్తే ఓనర్ గారికి ఫోన్ చేసి చెప్పాలి. అర్ధరాత్రి ఆయన్ని లేపడం ఎవరికీ ఇష్టం ఉండదు, అందుకని రిపేరు మర్నాడే అయిపోతోంది.

నిజానికి బైపాస్ రోజూ చెరిగిపోవడమే మమ్మల్ని కాపాడింది. ప్రతి రాత్రీ కొత్తగా నొక్కాలి కాబట్టి ప్రతి రాత్రీ లాగ్‌లో ఎక్కింది, జోన్ నంబరు, ఏ కోడ్‌తో చేశారు, ఎన్నింటికి అన్నీ. యూరప్ వాళ్ల ప్రమాణం ఈఎన్ 50131లో ఇలా ఒక్కసారికే పక్కన పెట్టడాన్ని ఇన్‌హిబిట్ అనీ, ఎవరో ఒకరు మళ్లీ కలిపేదాకా అలాగే ఉండిపోయేదాన్ని ఐసొలేట్ అనీ విడివిడిగా పేర్లు పెట్టారు. మా ప్యానెల్‌లో రెండో రకం బిగించినవాళ్ల కోడ్‌తో తప్ప కుదరదు. అదే మంచిది. కొన్ని ప్యానెళ్లలో తెరిచి ఉన్న జోన్లన్నిటినీ దానంతటదే వదిలేసి అలారం పెట్టేసుకునే ఫోర్స్ ఆర్మ్ అనే సౌకర్యం ఉంటుంది. మీ దాంట్లో ఉంటే ఆపించేయండి. ఏ తలుపు వదిలేస్తున్నామో మనిషికి తెలిసి, ఆ నంబరు మనిషే నొక్కాలి.

కోడ్ల విషయం కూడా అంతే. అలారం పెట్టడానికి ఆరుగురికి కోడ్లున్నాయి, బైపాస్ చేసే అధికారం ముగ్గురికే ఇచ్చాం. మానేసి వెళ్లినవాళ్ల కోడ్ ఆ రోజే తీసేస్తాం.

ఒకటి మాత్రం చాలామంది పొరపాటు పడతారు. బైపాస్ చేస్తే తలుపు తాళం మారదు, సైరన్ మాత్రమే మోగదు. మా అత్యవసర ద్వారానికి అలారం ఉంది కానీ లోపలి నుంచి తోస్తే ఎప్పుడైనా తెరుచుకుంటుంది. ఇలాంటి తలుపు తాళంచెవి లేకుండా లోపలి నుంచి తెరుచుకోవాలని 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్తోంది. పెళ్లిళ్ల సీజన్‌లో మూడో అంతస్తులో టైలర్లు రాత్రంతా కుడుతుంటారు. ఒకసారి ఎవరో ఆ తలుపును బైపాస్ చేసి, 'అలారం లేదు కదా, దొంగలు వస్తారు' అని లోపల గొలుసు వేశారు. నేను చూసి అక్కడికక్కడే తీయించాను. పైన పదకొండుమంది ఉన్నారు. బట్టల షాపులో నిప్పంటుకుంటే ఎంతసేపు పడుతుంది?

లోపాలు చెప్పాలంటే, కీప్యాడ్ మీద బైపాస్‌లో ఉన్నట్టు ఒక చిన్న పసుపు లైటు, జోన్ నంబరు తప్ప ఏమీ కనిపించదు. ఏడు అంటే ఏ తలుపో కొత్తవాళ్లకి తెలియదు. నంబర్లు, తలుపుల పేర్లు రాసిన కాగితం కౌంటర్ సొరుగులో పెట్టాను, కీప్యాడ్ పక్కన అంటించలేదు, అది బయటివాళ్ల కంట పడకూడదు. రెండోది, టైమ్ పెట్టే వీలు లేదు. లారీ రెండింటికి వెళ్లిపోయినా బైపాస్ తెల్లారేదాకా అలాగే ఉంటుంది. మళ్లీ షట్టర్‌ని కాపలాలో పెట్టాలంటే అలారం మొత్తం తీసి, కొత్తగా పెట్టాలి. నిద్రమత్తులో ఆ చివరి పని ఎగ్గొట్టాలనిపిస్తుంది.

ఈ శ్రావణం సరుకు దిగిన రాత్రి నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. మా కుర్రాడు రెండుంబావుకి ఫోన్ చేసి, "అన్నా, లారీ వెళ్లిపోయింది, షట్టర్ దించాం. అలారం తీసి మళ్లీ పెట్టాను. పసుపు లైటు లేదు" అన్నాడు. "షాపు లైట్ ఆర్పి ఇంకోసారి చూడరా" అన్నాను. చూసి, లేదన్నాడు.