సూపర్ మీటియర్ 650కి మార్చిన టైర్లు: 21,600 కిలోమీటర్ల తర్వాత

ముందు నేను ఎక్కడెక్కడ తిరుగుతానో చెప్పాలి. అది తెలియకుండా టైరు ఇన్ని వేల కిలోమీటర్లు వచ్చిందని చెబితే ఎవరికీ ఉపయోగం ఉండదు. నాది భీమవరం. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే పని. ఉండి, ఆకివీడు, కాళ్ల, మొగల్తూరు వైపు చెరువులకి వెళ్లి శాంపిళ్లు తెస్తాను. వారంలో ఒకటి రెండుసార్లు చించినాడ వంతెన దాటి రాజోలు, మలికిపురం దాకా పోతాను. సెలవులు దొరికితే మా ఆవిడతో కలిసి మారేడుమిల్లి, అరకు. నూటికి తొంభై వంతులు చదునైన, తిన్నని రోడ్డే. మిగతా పది ఘాట్లు.

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650. 2023 మార్చిలో తీసుకున్నాను. బండి బరువే 241 కిలోలు. నేను 82, పక్క పెట్టెల్లో సీసాలూ కిట్లూ కలిపి 25. మా ఆవిడ కూడా ఎక్కితే మొత్తం నాలుగు వందలు దాటుతుంది. అందులో సగం కంటే ఎక్కువ వెనక టైరే మోస్తుంది. దానికి తోడు ఇంజను లాగుడంతా దాని మీదే. అందుకే ఇంత బరువు బండికి ముందు టైరు కంటే వెనకది చాలా ముందే అయిపోతుంది.

బండితో వచ్చిన వెనక టైరు నాకు 14,200 కిలోమీటర్లు వచ్చింది. దానిలో టైరు తప్పు ఎంతో, నా తప్పు ఎంతో చెప్పి తీరాలి. మొదటి తొమ్మిది వేల కిలోమీటర్లు నేను బంకులో పట్టిన గాలినే నమ్ముకున్నాను. తర్వాత సొంత గేజీ కొని చూస్తే, ఆ బంకు మీటరు 4 పాయింట్లు (పీఎస్ఐ) ఎక్కువ చూపిస్తోంది. అంటే నెలల తరబడి తక్కువ గాలితో, పెట్టెల బరువుతో, రోహిణీ కార్తె ఎండల్లో తిప్పాను. గాలి తక్కువైతే టైరు రోడ్డు మీద ఎక్కువ పరుచుకుంటుంది, పక్కగోడలు ప్రతి చుట్టుకీ మడత పడి లేస్తాయి, లోపల వేడి పుడుతుంది. వేడెక్కిన రబ్బరు తొందరగా అరుగుతుంది.

తిన్నని రోడ్డు మీద తిరిగే బండికి ఇంకో బాధ ఉంది. టైరు మధ్యలోనే అరిగి, గుండ్రంగా ఉండాల్సింది పలకలా తయారవుతుంది. డెల్టాలో తిరుగుతున్నంత కాలం అది తెలియదు. మారేడుమిల్లి ఘాట్‌లో తెలిసింది. మలుపులో బండిని వాలుస్తుంటే కొంతదాకా మొండికేసింది, ఆ పైన ఒక్కసారిగా పడిపోతున్నట్టు వాలింది. వెనక కూర్చున్న మా ఆవిడ నా భుజం పట్టుకుంది. కిందికి దిగాక టైరు మీద అడ్డంగా అరచెయ్యి రాస్తే మధ్య పలక అయిపోయి పక్క మొదలయ్యే చోట అంచు చేతికి తగిలింది. ట్రెడ్డు, అంటే రోడ్డుకి ఆనే గాడుల భాగం, అప్పటికి ఇంకా బాగానే ఉంది. ఆకారం పోయింది.

2024 జూన్‌లో తొలకరి రోజున ఆకివీడు రోడ్డు మీద, చేపల లోడుతో వెళ్తున్న లారీ వెనక పోతున్నాను. మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, ఆ లారీల నుంచి కారే ఐసు నీళ్లు, చేప జిగురు రోడ్డు మీద సన్నటి చారలా పడతాయి. దాని మీద తొలి వాన పడింది. వేగం నలభై కూడా లేదు. గేరు తగ్గించానో లేదో వెనక చక్రం పక్కకి జారింది. బండి పడలేదు, నేను పడలేదు. కానీ పక్కన టీ కొట్టు దగ్గర ఆపి స్టాండు వేసేటప్పుడు కాళ్లు వణికాయి. ఇంటికొచ్చి ట్రెడ్డు లోతు కొలిస్తే మధ్యలో 1.6 మి.మీ. ఉంది. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం టూవీలర్‌కి 0.8 మి.మీ. చాలు. అంటే చట్టం లెక్కలో నా టైరుకి ఇంకా బోలెడు ఆయుష్షు ఉన్నట్టే.

ఆ రోజు నుంచి నా లెక్క మారింది. టైరు గుండు అయ్యేదాకా వచ్చే కిలోమీటర్లు నాకు అక్కర్లేదు. వానలో నమ్మి తిప్పగలిగిన కిలోమీటర్లే దాని ఆయుష్షు. ఎక్కువ కాలం వచ్చే టైరు కావాలి అని వెతికేవాళ్లు ఈ రెండో లెక్క అడగాలని నా గట్టి అభిప్రాయం. రబ్బరు గట్టిగా చేస్తే ఏ టైరైనా చాలా దూరం వస్తుంది. తడి రోడ్డు మీద పట్టు నిలబెట్టుకుంటూ రావడం కష్టం.

సైజులు చూద్దాం. ఈ బండికి ముందు 100/90-19, వెనక 150/80-16. మొదటిది వెడల్పు మి.మీ.లో, రెండోది పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. హార్లీ డేవిడ్‌సన్ ఐరన్ 883కి కూడా ఇవే కొలతలు. అందువల్ల హార్లీల కోసం చేసే క్రూయిజర్ టైర్లు మనకి సరిపోతాయి. వెతికేటప్పుడు 150/80 తర్వాత గీత బదులు బి అనే అక్షరం కనిపిస్తుంది. లోపల దారాల పొరలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి ఉండి, ట్రెడ్డు కింద చుట్టూ అదనంగా పట్టీలు వేసిన టైరు అని దాని అర్థం. ఆ పట్టీల వల్ల ట్రెడ్డు రోడ్డు మీద అటూ ఇటూ నలగడం తగ్గుతుంది, నలగడం తగ్గితే అరుగుదల తగ్గుతుంది. గీత ఉంటే పట్టీలు లేని మామూలు రకం, ఆర్ ఉంటే రేడియల్, అంటే దారాలు ఏటవాలుగా కాకుండా అడ్డంగా ఉండే రకం. బండి కంపెనీయే అలా ఇస్తే తప్ప, ముందొకటి వెనకొకటిగా రేడియల్‌నీ మామూలు రకాన్నీ కలిపి వెయ్యకూడదు.

సైజు పక్కన ఉండే అంకె ఆ టైరు మోయగల బరువుది. 71 అంటే 345 కిలోలు, 77 అంటే 412 కిలోలు. ముందు టైరు 57 అంటే 230 కిలోలు. చివరి అక్షరం హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుందని. పెట్టెలు వేసుకుని, వెనక ఇంకొకరిని ఎక్కించుకుని తిరిగేవాడికి వేగం అక్షరం కంటే బరువు అంకె ముఖ్యం. నేను వెనక 77 అంకె ఉన్నదే కావాలనుకున్నాను. మెట్జెలర్ ఎంఇ 888 మారథాన్ అల్ట్రా, మిషెలిన్ కమాండర్ 2 రెండూ చూసి, ముందూ వెనకా జతగా దొరికిన కమాండర్ 2 తీసుకున్నాను. ముందు టైరు ఇంకో నాలుగైదు వేలు తిరిగేదే. అయినా జతగానే మార్చాను.

కొనడం అంత సులువుగా జరగలేదు. మొదట ఒక కొట్టువాళ్లు చూపించిన టైరు మీద తయారీ ముద్ర 0721 అని ఉంది. మొదటి రెండంకెలు వారం, తర్వాత రెండు సంవత్సరం. అంటే 2021లో ఏడో వారం. మూడేళ్లుగా అల్మారాలో ఉన్న రబ్బరుకి నేను కొత్త ధర ఎందుకివ్వాలి? వద్దని వచ్చేశాను. ఇంకోచోట ఆర్డరు పెట్టి పదకొండు రోజులు ఆగాక అదే ఏడాది తయారైనవి వచ్చాయి. బిగించిన చోట ఇంకో పొరపాటు జరిగింది. ఇంటికి బయలుదేరి దారిలో ఆగినప్పుడు చూస్తే వెనక టైరు పక్కగోడ మీద బాణం గుర్తు వెనక్కి తిరిగి ఉంది. టైరు గాడులు నీళ్లని పక్కలకి తోసేది బాణం దిశలో తిరిగితేనే. వెనక్కి తీసుకెళ్లి విప్పించి, తిప్పించి, మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించాను. మీరు కొట్టు వదిలే ముందే రెండు చక్రాల బాణాలూ చూసుకోండి. వాల్వులు కూడా ఆ రోజే కొత్తవి వేయించుకోండి, టైరు ఎలాగూ విప్పుతారు.

కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన నునుపు ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు పొడి రోడ్డు మీద, నెమ్మదిగా, బ్రేకు గట్టిగా నొక్కకుండా తిప్పాను. ఆ తర్వాత అదే తిన్నని రోడ్డు మీద బండి వేరే బండిలా అనిపించింది. పలకైన టైరుకి అలవాటుపడ్డ చేతులకి గుండ్రటి టైరు ఎంత తేలికో అప్పుడు తెలిసింది. ఘాట్‌లో తేడా ఇంకా స్పష్టం. వాలుతున్నంతసేపూ ఒకే తీరుగా వాలుతుంది.

వానలో సంగతి. రెండు వానాకాలాలు పూర్తిగా తిరిగాను. తడి తారు మీద, సిమెంటు రోడ్డు మీద ఒక్కసారీ భయపెట్టలేదు. పొద్దున్నే మొదటి రెండు మూడు కిలోమీటర్లు టైరు వేడెక్కేదాకా నేను ఎలాగూ నిదానంగానే వెళ్తాను. ఏటిగట్టు మీద మాత్రం జాగ్రత్త. గట్టు మీద తారు పోయిన చోట వాన పడితే ఒండ్రు మట్టి సబ్బులా ఉంటుంది, ట్రాక్టర్ల ఇనప చక్రాలు పొలంలోంచి తెచ్చిన బురద దానికి తోడు. రోడ్డు టైరు గాడుల్లో ఆ బురద నిండిపోతే ఇక పట్టు లేనట్టే. గట్ల మీదే ఎక్కువ తిరిగేవాళ్లు బటన్ టైర్ల (పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలు ఉండేవి) వైపు చూడటం మంచిది. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద కూడా ఇంతే. గింజలు చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి, అక్కడ ఏ కంపెనీ టైరూ మనల్ని కాపాడదు. బ్రేకు ముట్టుకోకుండా, హ్యాండిల్ తిప్పకుండా దాటడమే.

సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు (బళ్లని గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కడం నాకు ఒక పరీక్షలాంటిది. తడిసిన ఇనప పలక మీదకి 241 కిలోల బండిని ఎక్కించాలి. పాత టైరుతో పలక మీద వెనక చక్రం ఒకటి రెండుసార్లు ఊరికే తిరిగింది. ఇప్పుడు ఫస్ట్ గేరులో క్లచ్ సగం పట్టుకుని, రెండు కాళ్లూ దించి, ఒకే ఊపులో ఎక్కేస్తున్నాను. దిగేటప్పుడు ముందు బ్రేకు మాత్రం ఇప్పటికీ పట్టను.

గతుకుల్లో మెత్తదనం కొంచెం తగ్గింది. ఎక్కువ బరువు మోసేలా చేసిన టైరు పక్కగోడ గట్టిగా ఉంటుంది కాబట్టి అది సహజం. ఒక్కణ్ణే పెట్టెలు లేకుండా వెళ్లినప్పుడు నడుముకి తెలుస్తుంది. లోడు ఉన్నప్పుడు అదే గట్టిదనం హాయిగా ఉంటుంది, హైవే మీద పెద్ద లారీ దాటినప్పుడు బండి ఊగడం బాగా తగ్గింది.

పంక్చరు ఇప్పటికి ఒకటే. పాలకొల్లు దాటాక మేకు దిగింది. ట్యూబ్‌లెస్ కాబట్టి గాలి మెల్లగా దిగుతూ వచ్చింది, పంక్చరు కొట్టుదాకా నడిపాను. అక్కడి పెద్దాయన మేకు లాగి, రబ్బరు స్ట్రిప్ దూర్చి, ఉమ్మి రాసి బుడగ వస్తుందేమో చూశాడు. “బాబూ, ఇది ఊరు చేరడానికేనండి. పెళ్లాన్ని ఎక్కించుకుని దూరం పోతే లోపల్నుంచి ప్యాచ్ వేయించుకోండి” అన్నాడు. మర్నాడే టైరు విప్పించి లోపల్నుంచి వేయించాను. ఆ తర్వాత తొమ్మిది వేలు తిరిగింది, ఒక్క పాయింటు కూడా తేడా రాలేదు.

గాలి విషయంలో ఇప్పుడు నా పద్ధతి ఒకటే. సోమవారం పొద్దున్న బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు సొంత గేజీతో చూస్తాను. మాన్యువల్‌లో ఒక్కరికి ఒక అంకె, ఇద్దరికి ఒక అంకె ఉంటుంది. పెట్టెలు నిండుగా ఉంటే ఇద్దరి అంకే పెడతాను. మధ్యాహ్నం ఎండలో నడిపాక గాలి కొన్ని పాయింట్లు పెరిగి కనిపిస్తుంది. అది చూసి కంగారుపడి గాలి తియ్యకూడదు, సాయంత్రానికి చల్లారి తక్కువైపోతుంది. ఈ టైరుకి ఇన్ని కిలోమీటర్లు రావడంలో కంపెనీ గొప్పతనం ఎంతో, ఈ సోమవారం పని కూడా అంతే అని నేను నమ్ముతున్నాను. మొదటి టైరుని ఇలా చూసుకుని ఉంటే అదీ ఇంకో రెండు మూడు వేలు వచ్చేదేమో.

ఈ సంక్రాంతికి మీటరు 35,800. అంటే ఈ జత మీద 21,600 కిలోమీటర్లు. వెనక టైరు మధ్యలో 3 మి.మీ., పక్కల్లో నాలుగున్నర ఉంది. ఆకారం కొంచెం పలక మొదలైంది, చెయ్యి రాస్తే తెలుస్తుంది కానీ బండి నడకలో ఇంకా తెలియడం లేదు. ముందు టైరు సగం కూడా అరగలేదు.

డబ్బు లెక్క అడిగేవాళ్లకి. ఈ వెనక టైరుకి పాత రకం కంటే దాదాపు రెట్టింపు పెట్టాను. కిలోమీటరుకి పైసల్లో లెక్కేస్తే రెండూ ఇంచుమించు ఒకటే, మిగిలిందేమీ లేదు. నేను డబ్బు పెట్టింది బరువు అంకె కోసం, తడి రోడ్డు కోసం. ఊళ్లో మాత్రమే, ఒక్కరే తిరిగేవాళ్లు ఇంత పెట్టనక్కర్లేదు, మామూలు టైరు వేసుకుని గాలి సరిగ్గా చూసుకుంటే చాలు.

2 మి.మీ. దగ్గర మార్చేయాలని పెట్టుకున్నాను. ఇప్పటి అరుగుదల చూస్తే వచ్చే జూన్ మొదటి వారానికి, అంటే తొలకరికి ముందే, అక్కడికి వస్తుంది. అప్పటికి ఈ టైరు మీద 27 వేలు దాటుతాయి. మళ్లీ అదే సైజు, అదే 77 అంకె. ఆర్డరు ఏప్రిల్ చివర్లోనే పెడతాను, కొట్లో టార్చి వేసి తయారీ ముద్ర చూసుకున్నాకే డబ్బు ఇస్తాను.