ఓరుగల్లులో మూడు రోజులు, రిజిస్టరులో తొమ్మిది గంటలు

కాజీపేట స్టేషను దగ్గర లాడ్జిలో దిగేవారికి ముందుగా ఒక మాట. రిజిస్టరులో మీరు వచ్చిన సమయం మీరే రాయండి, మీ పెన్నుతోనే రాయండి. ఈ మాట నాకెవరైనా ముందే చెప్పి ఉంటే 600 రూపాయలు మిగిలేవి.

మాది గుంటూరు దగ్గర ఫిరంగిపురం. మోకాలి ఆపరేషను తరువాత తన కాళ్లతో నడిచి వచ్చి ఫాతిమా మాతగా కొలిచే మరియమ్మ దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తానని మా అత్తయ్య మొక్కుకున్నారు. 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనానికి, అంటే ఒక బిషప్పు కింద ఉండే చర్చిల ప్రాంతానికి, కాజీపేట ఫాతిమానగర్‌లోని ఆలయమే ప్రధానాలయం. ఎలాగూ వెళ్తున్నాం కదా, కాకతీయుల రాజధాని కూడా చూద్దామన్నాను. మా వారు తలూపారు. ఆయన దేనికైనా తలూపుతారు.

శనివారం గుంటూరులో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పదకొండున్నరకు లాడ్జి చేరుకున్నాం. ఫోనులో చెప్పిన ధర ఏసీ గదికి రోజుకు 1,200. ఇరవై నాలుగు గంటల లెక్క. 1,000 అడ్వాన్సు కట్టించుకున్నారు, రసీదు అడిగితే 'చివర్లో అన్నీ కలిపి ఇస్తాం' అన్నారు. మా వారు రిజిస్టరులో చూపించిన చోట సంతకం పెట్టేశారు. గదిలో ఏసీ ఉంది కానీ రిమోటు కింద కౌంటరు దగ్గర ఉంటుంది. ప్రతిసారీ దిగి వెళ్లి అడగాలి, పని కాగానే తిరిగి ఇచ్చేయాలి. అదనపు పరుపు అడిగితే చాప కంటే కాస్త మందంగా ఉన్నదొకటి తెచ్చి పరిచారు. రెండు రాత్రులు నేనే దాని మీద పడుకున్నాను కనుక ఈ కొలత నాకు బాగా తెలుసు.

ఆ మధ్యాహ్నం కోటకు వెళ్లాం. టికెట్టు మనిషికి 25 రూపాయలు. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలబడి ఉన్నాయి, వాటి నడుమ ఉండిన గుడి మాత్రం ముక్కలై గడ్డిలో పడి ఉంది. 1323లో ఢిల్లీ సేనలు పట్టుకున్న కోట ఇదేనని మా వారు చెబుతుంటే, అత్తయ్య ఒక రాతి పద్మం పక్కన కూర్చుని మోకాలు నిమురుకుంటూ 'ఇంత చెక్కినవాళ్ల పేర్లు ఎక్కడా లేవా?' అని అడిగారు. మా దగ్గర సమాధానం లేదు. ఎండలో వెళ్లకండి, మూడున్నర తరువాత వెళ్లండి.

సాయంత్రం హనుమకొండ వేయిస్తంభాల గుడి. రుద్రదేవుడు 1163లో కట్టించినది. శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురికీ మూడు గర్భగుళ్లు. విడదీసిన కల్యాణ మండపాన్ని మళ్లీ పేర్చి 2024 శివరాత్రికి తెరిచారు. అత్తయ్య గర్భగుడి వైపు రానన్నారు. చెప్పులకు కాపలా ఉంటానని బయటే ఆగిపోయారు. మేము తిరిగి వచ్చేసరికి చెప్పులు ఒకచోట, ఆవిడ ఒకచోట! నల్లరాతి నంది దగ్గర నిలబడి, మెడలోని గంటల పట్టీని చూపుడువేలితో ఒక్కొక్క గంటా తడుముతున్నారు. చేతిలో జపమాల అలాగే ఉంది. 'ఇది రాయేనా? అద్దంలా ఉంది' అన్నారు.

ఆదివారం తెల్లవారాక ఆటో మాట్లాడింది కూడా ఆవిడే. 'దేవాలయానికి బాబూ, ఆరున్నర పూజకు అందాలి' అన్నారు. 80 రూపాయలకు ఒప్పందం. మా ఊరిలో దేవాలయమంటే చర్చి, పూజ అంటే అక్కడ జరిగే మాస్, వేరే అర్థం రాదు. ఆ అబ్బాయి మాత్రం మమ్మల్ని నేరుగా వేయిస్తంభాల గుడికి తీసుకుపోతున్నాడు! దారిలో ఫాతిమానగర్ రావడం మంచిదైంది. బోర్డు చూసి అత్తయ్య అరవకపోతే మా ప్రయాణం హనుమకొండలో తేలేది. అతనికి విషయం అర్థమై నవ్వి, తిరిగి ఆలయం ముందు దింపి, 50 చాలన్నాడు. ఈ యాత్రలో అడగకుండానే డబ్బు తగ్గించినది అతనొక్కడే.

పూజ బాగా జరిగింది. అత్తయ్య కొవ్వొత్తి వెలిగించి, మాత ముందు చాలాసేపు నిలబడే ఉన్నారు. కుర్చీ తెస్తానంటే వద్దన్నారు.

అదే రోజు కారు మాట్లాడుకుని, 2,800 రూపాయలకు, రామప్ప చూసి వచ్చాం. 2021లో యునెస్కో గుర్తించిన గుడి అది. నల్లరాతి మదనికల కోసమైనా, అంటే అక్కడి స్త్రీ శిల్పాల కోసమైనా వెళ్లాలి. ఇంకేమీ ఇబ్బంది కలగలేదు కనుక చెప్పడానికీ ఏమీ లేదు.

సోమవారం పదిన్నరకు గది ఖాళీ చేశాం. బిల్లు 4,200. మూడు రోజుల అద్దె 3,600, పరుపుకు రెండు రాత్రులకు 600. మూడో రోజు ఎక్కడిదంటే కౌంటరులోని మనిషి రిజిస్టరు తిప్పి చూపించాడు. మా వారి సంతకం నీలం సిరాతో ఉంది. పక్కన వచ్చిన సమయం మాత్రం నల్ల సిరాతో, ఉదయం తొమ్మిది! 'పోనీలే' అన్నారు మా వారు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య కర్ర ఊతంగా కౌంటరు దగ్గరకు వచ్చారు.

'ఆ రోజు తొమ్మిదింటికి మేమింకా రైల్లో జపం చెప్పుకుంటున్నాం. నీ గదిలో ఎలా దిగాం బాబూ?'

మా వారి ఫోనులో టికెట్టు తీసి ముందు పెట్టారు. అతను దాన్ని చదివి, ఎవరికో ఫోను చేసి, సగం తగ్గిస్తామన్నాడు. తగ్గించాల్సింది మొత్తం కదా అని నేను పట్టుబట్టాను. కానీ సామాను అప్పటికే ఆటోలో ఉంది. అడ్వాన్సు పోను 2,600 కట్టి బయటపడ్డాం. రసీదు మీద సంతకం పెట్టించుకున్నది మాత్రం నేనే.

రైలుకు ఇంకా సమయం ఉండటంతో, ఒక ఇంటి ముందు పొయ్యి పెట్టుకున్న ఆవిడ దగ్గర సర్వపిండి తిన్నాం. ఒక్కొక్కటి 40. బియ్యప్పిండిలో పల్లీలు, శనగపప్పు, నువ్వులు వేసి, గిన్నె లోపలే ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె పోస్తుంది. అడుగు ఎర్రగా, పైన మెత్తగా ఉంటుంది. అత్తయ్య రెండు తిని, ఇంకో రెండు కాగితంలో చుట్టించుకున్నారు. ఖమ్మం దాటాక ఆ పొట్లం విప్పి మా వారికి ఒకటి ఇస్తూ 'ఇంకెప్పుడూ పోనీలే అనకు' అన్నారు. ఆయన తలూపారు.