మొదటి ఏడాది రచనా తరగతి: "ఇది నా చోటే" అనిపించడానికి ఏది మేలు?

అమెరికా కళాశాలల్లో చేరే విద్యార్థుల్లో ఎక్కువమందికి మొదటి ఏడాది వ్యాసరచన తరగతి తప్పనిసరి. నల్లజాతి, లాటినో, మూలవాసి విద్యార్థులకు "ఇక్కడ నాకు చోటుందా" అన్న శంక తరచుగా అక్కడే బలపడుతుంది. ఇంట్లో అలవడిన మాట కాగితం మీదికెక్కి పరాయివారి కొలతకు నిలబడేది ఆ తరగతిలోనే. ఆ శంక తీర్చడానికి వాడుకలో ఉన్న మార్గాల్లో మూడింటిని ఇక్కడ పోల్చి చూస్తున్నాను: రాతలో వెనకబడినవారికి విడిగా పునాది తరగతి పెట్టడం, చేరిన కొత్తలోనే భరోసా కలిగించడం, వ్యాసాలు దిద్దే తీరు మార్చడం. నా మొగ్గు మూడోదాని వైపు.

పునాది తరగతి సదుద్దేశంతో పుట్టిందే. 1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం హైస్కూలు పూర్తిచేసిన నగర విద్యార్థులందరికీ ప్రవేశం కల్పించినప్పుడు, ఎందరికో అలాంటి తరగతులే ఆసరా అయ్యాయి. అయితే డిగ్రీ లెక్కలోకి రాని తరగతిలో నెలల తరబడి కూర్చున్న విద్యార్థికి తాను ఇంకా గుమ్మం బయటే ఉన్నట్టు అనిపిస్తుంది. బాల్టిమోర్ కౌంటీ కమ్యూనిటీ కళాశాల 2007లో మొదలుపెట్టిన పద్ధతి అంతకన్నా నయం: అక్కడ విద్యార్థులు నేరుగా క్రెడిట్లున్న తరగతిలో చేరి, అదే అధ్యాపకుల దగ్గర అదనంగా మరో చిన్న తరగతికి వెళతారు.

రెండో మార్గం చౌక. మనస్తత్వ శాస్త్రవేత్తలు వాల్టన్, కోహెన్ 2011లో ప్రచురించిన పరిశోధనలో, తమకూ మొదట్లో బెరుకుండేదని, తర్వాత అది పోయిందని సీనియర్లు చెప్పిన అనుభవాలను కొత్త విద్యార్థులు చదివి, తమ మాటల్లో రాశారు. సుమారు గంట పట్టిన ఆ అభ్యాసంతో నల్లజాతి విద్యార్థుల గ్రేడ్లు మూడేళ్లపాటు మెరుగుపడ్డాయి. కానీ అలాంటి అభ్యాసాన్నే 22 విద్యాసంస్థల్లో జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, ఆయా వర్గాల విద్యార్థులు కలిసిపోయే అవకాశం నిజంగా ఉన్న చోటే దాని ఫలం కనిపించింది. ఇచ్చిన భరోసాను రోజువారీ తరగతి నిలబెట్టాలన్నమాట.

ఆ పని దిద్దుబాటులోనే జరుగుతుంది. ఎర్రసిరాతో నిండిన వ్యాసం చేతికొచ్చినప్పుడు, తప్పు తన రాతలో ఉందా, తన రంగు మీద ఉన్న చిన్నచూపులో ఉందా అని నల్లజాతి విద్యార్థి ఆలోచించవలసి వస్తుంది. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, ఏడో తరగతి పిల్లల వ్యాసాలకు ఒక చిన్న చీటీ జతచేశారు: తాను ఆశించే ప్రమాణం ఎక్కువని, ఆ విద్యార్థి దాన్ని అందుకోగలరన్న నమ్మకంతోనే ఇన్ని సూచనలు రాశానని అందులో ఉపాధ్యాయుల మాట. వ్యాసం మళ్లీ రాసి ఇచ్చిన నల్లజాతి పిల్లలు దాదాపు 17 శాతం నుంచి 70 శాతం పైకి పెరిగారు. వీరు బడి పిల్లలే అయినా, 1999లో కళాశాల విద్యార్థులపై వచ్చిన పరిశోధన కూడా ఇదే దిశ చూపింది.

చీటీతో పాటు భాషాజ్ఞానమూ కావాలి. "షి బి వర్కింగ్" అని ఒక విద్యార్థిని రాస్తే, అది క్రియారూపంలో చేసిన తప్పు కాదు. నల్లజాతి ఇంగ్లీషులో దానికి నియమం ఉంది. మనం "పనిచేస్తోంది", "పనిచేస్తుంటుంది" అని వేరు చేసినట్టే, ఆమె అలవాటుగా జరిగే పనిని చెబుతోంది. విద్యార్థులకు తమ సొంత భాషారూపంపై హక్కుందని అమెరికా కళాశాలల రచనా అధ్యాపకుల సంఘం 1974లోనే తీర్మానించింది. ఆ వాక్యాన్ని కొట్టేయకుండా, దాని అర్థం తమకు తెలుసని పక్కన రాసి, ఈ వ్యాసం చదివేవారికి ఏ రూపం తగునో ఆమెనే నిర్ణయించుకోమని అడిగే అధ్యాపకులు కావాలి. అందరి వ్యాసాలకూ ఒకే మాట అచ్చువేసి అంటిస్తే పిల్లలు పక్కవారి కాగితం చూసి ఇట్టే పసిగడతారు కాబట్టి, ప్రతి చీటీలో ఆ విద్యార్థి రాసిన వాక్యం ఒక్కటైనా ఉండాలి.