ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష: కావలిలో మా ఇంటి గదిలోంచి రాసిన అనుభవం

మాది కావలి. నెల్లూరులో ఒక ప్రైవేటు సంస్థలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. పొద్దున్నే రైలెక్కి పోతే రాత్రికి ఇల్లు చేరేది. ఈమధ్య ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష ఇంటి నుంచే రాసి పాసయ్యాను. సర్వర్లలో వాడే లైనక్స్ సిస్టమ్‌ను తయారుచేసే రెడ్ హ్యాట్ కంపెనీ, దాన్ని నడపడం వచ్చని ఇచ్చే సర్టిఫికెట్ ఇది. రాద్దామా వద్దా అని రైల్లో నన్ను అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ పరీక్షను ఇంతగా ఎందుకు మెచ్చుకుంటున్నానో అర్థం కాదు.

ఆరేళ్ల కిందట నెల్లూరులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరి వేరే సర్టిఫికెట్ ఒకటి తీసుకున్నాను. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పరీక్ష అది. క్లాసులు పేరుకే జరిగాయి. చివరి రెండు వారాల్లో జవాబులతో సహా 400 ప్రశ్నలున్న పీడీఎఫ్ చేతిలో పెట్టారు. డంప్స్ అంటారు వాటిని. "అర్థం చేసుకునే పని పెట్టుకోబాక సామీ, చదువుకుంటా పో" అన్నారు. నేనూ అట్లాగే చదివి, సగం టైములోనే రాసేసి లేచి వచ్చాను. ఆ సర్టిఫికెట్‌కు మా అమ్మ ఫ్రేము కట్టించి ముందు గదిలో పెట్టింది. ఇప్పుడున్న ఉద్యోగం దాన్ని చూసే ఇచ్చారు.

చేరిన మూడో నెలలో ఒక శనివారం రాత్రి బిల్లింగ్ సర్వర్ ఆగిపోయింది. డిస్క్ పూర్తిగా నిండిపోయింది. చూస్తే ఒక లాగ్ ఫైలు (ప్రోగ్రాము తన పనుల చిట్టా రాసుకునేది) పెరిగి పెరిగి 38 జీబీ అయింది. దాన్ని తీసేశాను. డిస్క్‌లో ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే మళ్లీ నూటికి నూరే. ఫైలేమో లేదు, ఖాళీ మాత్రం రాలేదు! ఒళ్లంతా చెమటలు. ఆ పీడీఎఫ్‌లో డిస్కుల మీద ప్రశ్నలు నాకు నోటికొచ్చు. ఒక్కటీ అక్కరకు రాలేదు. మా ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే ఉదయగిరి కుర్రాడు వచ్చి చూసి, "అన్నా, నువ్వు ఫైలు తీసేశావు గానీ దాన్ని పట్టుకున్న ప్రోగ్రాము ఇంకా వదల్లా. అది వదిలిందాకా ఖాళీ రాదు" అన్నాడు. ఏ ఫైలును ఏ ప్రోగ్రాము పట్టుకుందో చెప్పే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్ కొట్టి ఆ ప్రోగ్రాము ఏదో చూపించి, ఆ సర్వీసు రీస్టార్ట్ చేశాడు. రెండు నిమిషాల పని. అతని దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు. జీతం నాకు వచ్చేదాంట్లో సగం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆ ఫ్రేము నా చేతులతో నేనే గోడ మీంచి తీసి బీరువాలో పెట్టాను.

ఇక అసలు పరీక్ష. దీని నంబరు ఈఎక్స్ 200. ఇందులో టిక్కు పెట్టేది ఒక్కటి కూడా ఉండదు. లైనక్స్ ఉన్న మిషన్లు (కంప్యూటర్లు) ఇస్తారు, పనులు ఇస్తారు, మూడు గంటల్లో చేసి పెట్టాలి. 300కు 210 వస్తే పాస్. ఇంటర్నెట్ ఉండదు. సిస్టమ్‌లోనే ఉండే మ్యాన్ పేజీలు, అంటే కమాండ్ల వివరాలు మాత్రం చూసుకోవచ్చు. నాకు బాగా నచ్చిన నియమం ఇంకొకటి ఉంది: మనం చేసినదంతా మిషన్ రీబూట్ అయ్యాక కూడా దానంతట అదే పనిచేయాలి. అప్పటికప్పుడు పనిచేసి, ఆపి మళ్లీ వేస్తే పోయే పనికి మార్కుల్లేవు. ఉద్యోగంలో కూడా అంతే కదా. రాత్రి కరెంటు పోయి వచ్చినా పొద్దున సర్వర్ లేవాలి.

ఈ నియమం ఎంత గట్టిదో ఇంట్లో సాధన చేసేటప్పుడే తెలిసింది. రెడ్ హ్యాట్ డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ సొంతానికి వాడుకునేవాళ్లకు ఉచితం, 16 మిషన్ల దాకా పెట్టుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మిషన్లు (ఒక కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) రెండు పెట్టుకుని రోజూ రాత్రి తొమ్మిదిన్నర నుంచి కూర్చునేవాణ్ణి. ఒకరోజు కొత్త డిస్క్ చేర్చి, మిషన్ లేచేటప్పుడు ఏ డిస్కులు కలపాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో దాని లైను రాసి, రీబూట్ కొట్టాను. మిషన్ లేవలేదు. నల్లటి తెర మీద ఎమర్జెన్సీ మోడ్ అని వచ్చి రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ అడిగింది. డిస్క్‌ను గుర్తుపట్టే పొడుగాటి నంబరు, యూయూఐడీలో ఒక్క అక్షరం తప్పు రాశాను, 8 ఉండాల్సిన చోట బీ. పరీక్షలో అట్లా అయితే ఆ మిషన్ మీద చేసిన మిగతా పనులన్నీ దాంతోపాటే పోయినట్టు. ఆ రోజు నుంచి ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ముట్టుకున్న ప్రతిసారీ ముందు ఆ ఫైల్లోని డిస్కులన్నీ అప్పుడే కలిపి చూసే మౌంట్ మైనస్ ఏ కమాండ్ కొట్టి, తప్పు చూపించకపోతేనే రీబూట్ చేస్తాను. ఇప్పుడు ఆఫీసులో కూడా అదే అలవాటు. పరీక్ష కోసం నేర్చుకున్నది చేతికి పట్టుబడింది, నాకు కావాల్సింది అదే.

ఇంటి నుంచి రాయాలంటే కొంత సరంజామా కావాలి. వాళ్లిచ్చే సిస్టమ్ ఇమేజ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ల్యాప్‌టాప్‌ను దాంతోనే బూట్ చేయాలి. ల్యాప్‌టాప్‌లో ఉన్న కెమెరా చాలదు, పొడుగు వైరున్న వెబ్‌క్యామ్ విడిగా కొనుక్కోవాలి. పరీక్షకు ముందు ఆ కెమెరా చేత్తో పట్టుకుని గదంతా, బల్ల కింద కూడా చూపించాను. బల్ల మీద ఏమీ ఉండకూడదు. గోడ మీది పంచాంగం క్యాలెండర్ ముందురోజే తీసేశాను. గ్యాస్ బండ వచ్చినా తలుపు తట్టొద్దని అమ్మకు చెబితే, ఆ మూడు గంటలూ ఆమె వరండాలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. కరెంటు పోతుందేమోనన్న టెన్షన్ మాత్రం చివరిదాకా ఉంది, అందుకే రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలిపి పెట్టుకున్నాను.

ప్రశ్నలేం వచ్చాయని అడక్కండి. బయటికి చెప్పనని ఒప్పుకున్నాకే పరీక్ష మొదలవుతుంది. ఆ మాట తప్పేవాళ్ల వల్లే డంప్స్ పుడుతున్నాయి. సిలబస్ మాత్రం రెడ్ హ్యాట్ సైట్‌లో అందరికీ కనిపించేలాగే ఉంది: యూజర్లు, ఎల్‌వీఎం (డిస్క్ జాగా పంచుకునే పద్ధతి), ఫైర్‌వాల్, ఎస్‌ఈలైనక్స్ (లైనక్స్ భద్రతా కట్టడి) వగైరా. ఒక్కో అంశం పది పదిహేనుసార్లు చేతితో చేయండి.

సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది. డబ్బు దండగ అని కొందరంటారు గానీ నాకు అదే సబబనిపిస్తుంది. ప్రోగ్రాములను విడివిడి కంటైనర్లలో నడిపే పనికి నేను మొదట నేర్చుకున్నది డాకర్ అనే టూల్. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8వ వెర్షన్ నుంచి దాని స్థానంలో పాడ్‌మ్యాన్ వచ్చింది. పాత కాగితం చూపించి కొత్త మిషన్ నడుపుతానంటే ఎట్లా? సర్టిఫికెట్ మీద ఒక నంబరు ఉంటుంది, దాంతో అది నిజమో కాదో ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. మన దగ్గర ఉద్యోగాలిచ్చేవాళ్లు ఆ చిన్న పని చేసి, ఇంటర్వ్యూలో అరగంట ఒక మిషన్ ముందు కూర్చోబెడితే డంప్స్ వ్యాపారం సగం మూతపడుతుందని నా గట్టి నమ్మకం.

లోటు అంటే ఫీజే. నా నెల జీతంలో పెద్ద ముక్క అది. అందుకే ఈ పరీక్షకు నేనిచ్చే రేటింగ్ ఐదుకు నాలుగున్నర. అంత పెట్టలేని విద్యార్థులు ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సులు చూడండి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే మాత్రం సెంటర్‌కు పోయి నిఘాలో పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. ఇంకొక జాగ్రత్త: నమోదు చేసేటప్పుడు పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాయండి. మనకు ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. నేను అది సరిచేసుకోవడానికి వారం పట్టింది.

నాకు 264 వచ్చాయి. వెబ్‌క్యామ్, పెన్‌డ్రైవ్ రెండూ ఇప్పుడు ఉదయగిరి కుర్రాడి దగ్గరున్నాయి. ఫీజులో సగం నేను పెడతానంటే మొదట ఒప్పుకోలేదు, తర్వాత అప్పుగా తీసుకున్నాడు. అతని పరీక్ష వచ్చే నెలలో.